తైమి కొలత

శనివారం సౌనాలో ఆవిరి స్నానం అయ్యాక, తల ఇంకా తడిగా ఉండగానే, రొట్టెల పొయ్యి పైనున్న అరలోంచి మందు డబ్బా దించి మూత తీసి వాసన చూడటం నాకు అలవాటైపోయింది. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. అది నా భార్య తైమి చేతుల వాసన. కొందరి ఇల్లాళ్ళ చేతులు సబ్బు వాసన వేస్తాయి, కొందరివి ఉల్లిపాయల వాసన. మా తైమి చేతులు పెద్ద కొమ్ముల మూస్ దుప్పుల వేట దగ్గరపడేకొద్దీ తుపాకి మందు వాసన వేసేవి. కొంచెం తియ్యగా, సూది వేసేముందు నర్సు రాసే స్పిరిట్‌లా ఉండేది. ఆ చేతులతోనే నా చొక్కా కాలరు సరిచేసేది. ఆమె పోయాక ఇది మూడో శరత్తు. దిండు మీద వాసన మొదటి నెలలోనే పోయింది, కోటు మీది వాసన ఆ చలికాలం దాటలేదు. మిగిలిందల్లా ఆ డబ్బా అడుగున ఉన్న మందు ఒక్కటే.

మా లెహ్తోవార వేట సంఘంలో ఎవరి తూటాలు వాళ్ళే ఇంట్లో నింపుకుంటారు. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని మళ్ళీ సాపు చేసి, అడుగున నిప్పందుకునే కొత్త టోపీ బిగించి, మందు తూచి పోసి, పైన గుండు కూర్చుకోవాలి. ఒకడు నింపిన తూటా ఇంకొకడు కాల్చడు. పరాయివాడి పళ్ళ బ్రష్షు నోట్లో పెట్టుకోం కదా, ఇదీ అంతే. వాడు మందు పోసేటప్పుడు పెళ్ళాంతో పోట్లాడుతున్నాడో, రేడియోలో హాకీ వింటున్నాడో ఎవడికి తెలుసు? పేలేది మన చెంప పక్కన. సంఘం మొత్తంలో ఈ నియమం తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. నా తూటాలు తైమి నింపేది.

పెళ్ళైన కొత్తలో నేనే నింపుకునేవాణ్ణి. తైమి బడి వంటశాలలో పనిచేసేది. బడి మొత్తానికి వండే సూపులో ఆవిడ చేతి ఉప్పు ఏనాడూ ఒక పలుకు ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. అలాంటి మనిషి ఒకరోజు నా వెనక నిలబడి చూసి, చేతిలోంచి చిన్న గరిటె లాక్కుంది.

"ఏంటయ్యా అది? కాఫీలో చక్కెర వేసుకుంటున్నావా? ఒకదాన్లో ఎక్కువ, ఒకదాన్లో తక్కువ!"

"వెంట్రుకవాసి తేడాకి ఏం కాదులేవే."

"నీ మొహం పక్కనే పేలేదానికి వెంట్రుకవాసంటే చాలా ఎక్కువ. లే అక్కణ్ణించి."

లేచాను. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆవిడ బల్ల మీద ఎప్పుడూ ఒకటే మందు డబ్బా ఉండేది, రెండోది కనపడటానికి వీల్లేదు. ఆవిడ తూస్తున్నంతసేపూ రేడియో బంద్, నా నోరూ బంద్. చివర్లో ఒక్కో తూటా అడుగున టోపీ చుట్టూ గోళ్ళ రంగు పూసేది, తడి లోపలికి దిగకుండా. చెర్రీ పండు ఎరుపు. తన గోళ్ళకి మాత్రం జన్మలో పూసుకుని ఎరగదు. ఎంత మందు పోస్తోందో ఎక్కడా రాసేది కాదు, అడిగినా చెప్పేది కాదు.

"రాసిపెట్టానంటే రేపు నువ్వే నింపుకుంటావు. ఇక నాతో నీకేం పని?" అనేది.

నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

అడవిలో చెట్లు కొట్టే పనిలో ఉండగా ఒక స్ప్రూస్ మాను పడాల్సిన వైపు పడక నా మీదికి ఒరిగింది. కుడి భుజం ఎముక నుగ్గయింది. లోపల రేకు వేసి బిగించారు. ఆ యేడు శరత్తులో మొండికేసి కాపుకి, అంటే మూస్ కోసం పొంచి కూర్చునే చోటుకి, పోయి ఒక్క గుండు కాల్చాను. రైఫిల్ వెనక్కి తన్నిన తన్నుకి మంచులో కూలబడ్డాను, కళ్ళ ముందు పట్టపగలే చుక్కలు కనిపించాయి. మరుసటేడు పోలేదు. వేట జరిగినన్నాళ్ళూ కిటికీ దగ్గర కూర్చుని దూరంగా కుక్కల మొరుగుడు వింటూ ఉండిపోయాను. తిండి సయించలేదు. తైమి వచ్చి కాఫీ పెట్టి, తాగని కాఫీ తీసుకుపోయేది.

ఆ తరవాతి యేడు తనే తూటాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంకోసారి కాల్చి చూడు" అంది. కాల్చాను. భుజానికి ఏమీ కాలేదు. రైఫిల్ తన్నలేదు, ఇలా పక్కకి జరుగు అన్నట్టు కాస్త నెట్టింది అంతే.

"చూశావా! సౌనా ఆవిరిలో బర్చ్ చెట్టు రెమ్మలతో ఒళ్ళు బాదుకున్నందుకు ఎముక ఇనుమైపోయింది!" అన్నాను.

"ఇనుమేలే" అంది తైమి.

అప్పట్నుంచి నా భుజం గురించి నేను కొట్టని డప్పు లేదు. వేటలో నా కాపు దగ్గర తుపాకి పేలగానే, మా వేట పెద్ద తౌనో వాకీటాకీలో అడిగేవాడు, "ఒస్మో, భుజం ఎలా ఉందిరా?" అని. "నా భుజానికేంరా, రాయి!" అనేవాణ్ణి. అడవి నలుమూలలనుంచీ మావాళ్ళ నవ్వులు వాకీటాకీలో గరగరలాడేవి. ఇరవయ్యేళ్ళు ఇదే ప్రశ్న, ఇదే జవాబు, ఇదే నవ్వు.

ఈ యేడు రెండు సంగతులు కలిసి వచ్చి మీదపడ్డాయి. తైమి నింపి పెట్టి వెళ్ళిన తూటాలు రెండు వేటల్లో అయిపోయి మూడే మిగిలాయి. పైగా నా గురి పరీక్ష గడువు తీరింది. మూస్ బొమ్మ మీద నాలుగు గుళ్ళూ గుండెకాయ చుట్టూ గీసిన వృత్తంలో పడితేనే కాపు ఇస్తారు. పడకపోతే స్ప్రూస్ చెట్ల బురదనేల పక్కనున్న నా చోటు ఇంకొకరికి పోతుంది. ఆ చోట మొద్దు మీద కూర్చుని తైమి కట్టిచ్చిన రై రొట్టె నములుతూ, ఏమీ తోచక ఆవిడ తూటాని చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడిస్తూ ఎన్ని శరత్తులు గడిపానో. ఆమె పోయాక కూడా ఇంట్లో కంటే అక్కడే ఆమెతో ఎక్కువ మాట్లాడాను. సమాధి దగ్గర నాకు మాట పెగలదు. ఆ కాపు పోతే ఆమెతో మాట్లాడుకునే చోటు నాకింకెక్కడా లేదు.

డబ్బాలో మిగిలిన తైమి మందుతోనే తూటాలు నింపుకోవాలని నిశ్చయించుకున్నాను. ఎంత పొయ్యాలో కనుక్కుందామని డబ్బా సంచిలో వేసుకుని కూహ్మోలో హిల్కా కొట్టుకి పోయాను. హిల్కా తైమితో కలిసి చదువుకుంది. తండ్రి తరవాత ఆ తుపాకుల కొట్టు తనే నడుపుతోంది. తైమికి మందు ఎప్పుడూ తనే అమ్మేది.

హిల్కా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం చిట్లించింది.

"ఇదెక్కడ పెట్టావు ఒస్మో?"

"రొట్టెల పొయ్యి పైన అరలో."

"పొయ్యి పైనా? తైమి ఎక్కడ పెట్టేది?"

"బయట, చలికొట్లో."

"మరి లోపలికెందుకొచ్చింది?"

చెప్పక తప్పలేదు. వారం వారం చలికొట్లోకి పోవడం ఎందుకని లోపలికి తెచ్చుకున్నానని, ఊరికే వాసన చూసి మూత పెట్టేస్తానని చెప్పాను. మావైపు మగాళ్ళు ఇలాంటివి ఎదుటి మనిషికి చెప్పుకోరు. చెబుతున్నంతసేపూ గోడకి వేలాడుతున్న చేపల గాలాలకేసి చూస్తూ నిలబడ్డాను.

హిల్కా నవ్వలేదు. గొంతు తగ్గించింది. "వేడి తగిలి, గాలి తగిలి మందు చచ్చిపోయింది ఒస్మో. పులిసిన వాసన రావట్లా? అడుగున చూడు, తుప్పు రంగు పొడి దిగింది. ఇది తూటాలో పొయ్యకూడదు."

"ఏం పులిసింది? అదే వాసన. తైమి చేతుల వాసన."

"కాదయ్యా. ఇది ఆ వాసన కాదు."

నాకు ఒళ్ళు మండింది. నా పెళ్ళాం చేతుల వాసన నాకు చెప్పడానికి ఈవిడెవరు? డబ్బా లాక్కుని మళ్ళీ వాసన చూశాను. నిజమే, పుల్లగా ఉంది, ముక్కు లోపల గుచ్చుకుంటోంది. రోజూ చూసే కళ్ళకి బిడ్డ ఎదగడం తెలియదంటారు, నాకు ఆ వాసన మారడం అలాగే తెలియలేదు. అసలు వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోయాను. రాలేదు. పోకుండా ఉండాలనే మాటిమాటికీ మూత తీశాను, తీసి తీసి నేనే పోగొట్టుకున్నాను.

"ఇదే రకం కొత్త డబ్బా ఇయ్యి" అన్నాను చివరికి.

"ఆ రకం చెయ్యడం ఆపేశారు. దానికి దగ్గరి చుట్టం ఇదిగో." పసుపు మూత డబ్బా ఒకటి బల్ల మీద పెట్టింది. "చురుకు మందు. గబుక్కున అంటుకుంటుంది, కాస్త పోస్తే చాలు. ఇది తీసుకో."

గోడ మీద ఏ తుపాకికి ఏ మందు అని చెప్పే పట్టిక వేలాడుతోంది. చురుకు మందులన్నీ చిన్న తూటాల వరసలో ఉన్నాయి. నా రైఫిల్ వరసలో ఉన్నవన్నీ నెమ్మది మందులే. చదవడం నాకూ వచ్చు.

"ఇదేంటి హిల్కా, పిల్లకాయల మందు అంటగడతావు? తౌనోది కూడా నాలాంటి రైఫిలే. వాడు ఆ నెమ్మది మందు గొట్టం మెడదాకా పోస్తాడు."

"తౌనో తౌనోనే, నువ్వు నువ్వే."

"అంటే? వాడి భుజం కన్నా నా భుజం తీసిపోయిందా?"

"భుజం ఊసు నేనెత్తానా?"

"ఎత్తకపోయినా ఎత్తినట్టే ఉంది. నెమ్మదిదే ఇయ్యి."

"ఒస్మో, ఒక్కసారి నా మాట విను."

"విన్నాగా. ఇక ఇయ్యి."

"తైమి మాట తప్ప ఎవరి మాటా వినని మనిషివి. అదీ సగమే వినేవాడివి" అని గొణుక్కుంటూ నెమ్మది మందు డబ్బా తీసిచ్చింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. డబ్బా చంకన పెట్టుకుని అక్కణ్ణించి బజారుకి పోయి ఎర్ర గోళ్ళ రంగు ఒక సీసా కొన్నాను.

"మీ ఇంటావిడకా?" అంది గల్లాపెట్టె దగ్గరి అమ్మాయి.

"తూటాలకి" అన్నాను.

"అయితే త్వరగా ఆరేది తీసుకోండి. మా నాన్న అదే వాడతాడు" అని ఇంకో సీసా ఇచ్చింది. నేను కంగారుపడ్డదంతా దండగైంది.

పాడైన మందుని మావాళ్ళు చెత్తలో వెయ్యరు. పెరట్లో మట్టి మీద పలచగా చల్లేస్తారు, వానకి కరిగి ఎరువౌతుంది. డబ్బా పట్టుకుని చాలాసేపు నిలబడి, తైమి నాటిన రాస్ప్‌బెర్రీ పొదల మొదళ్ళలో చల్లాను. ఖాళీ డబ్బా పారెయ్యబుద్ధి కాలేదు. కడిగి మళ్ళీ అరలోనే పెట్టాను.

మరునాడు పొద్దున్నే తైమి కుర్చీలో కూర్చున్నాను. రేడియో కట్టేశాను. పట్టికలో కింది అంకెతో మొదలుపెట్టి, సంఘం గురి మైదానంలో కొన్ని కొన్ని కాల్చి చూసుకుంటూ కొలత పెంచుకుంటూ పోయాను. నెమ్మది మందు గొట్టం నిండా కూర్చుంది. ఒక తూటా తీసి అలవాటుగా చెవి దగ్గర ఆడించాను. చప్పుడు లేదు. నిండుకుండ తొణకదని మురిసిపోయాను.

ఆ మురిపెం మైదానంలోనే తీరిపోయింది. మొదటి గుండుకే రైఫిల్ గుర్రంలా తన్నింది. దళసరి కోటు వేసుకున్నాను, భుజం మీద తువ్వాలు మడిచి పెట్టుకున్నాను. ఊదారంగు కమిలిన మచ్చ మెడదాకా పాకింది. తప్పు మందుదని నాకు తట్టనే లేదు. తైమి పోయాక ఇంట్లో ఏదీ మునుపటిలా లేదు. రొట్టె పొంగదు, గడియారం ఆగిపోతుంది, కుక్క కూడా పిలిస్తే లేవదు. అలాగే నా భుజమూ పోయిందనుకున్నాను. ఇనుము తుప్పు పట్టిందనుకున్నాను.

పరీక్ష రోజున మీట నొక్కబోయే ముందే నా కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. ఒంటికి తెలిసిపోయింది దెబ్బ పడబోతోందని. రెండు గుళ్ళు మూస్ పొట్టలో పడ్డాయి, ఒకటి కాళ్ళ కింద, ఒకటి ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. మళ్ళీ ప్రయత్నించాను. ఇంకా అన్యాయంగా వచ్చింది. వరసలో నిలబడ్డవాళ్ళు నా మొహం చూడకుండా బూట్ల తాళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టారు.

తౌనో నన్ను బండి పక్కకి తీసుకెళ్ళాడు.

"ఒరేయ్, ఏ మందు పోశావు?"

"నువ్వు పోసేదే."

తౌనో టోపీ తీసి తల గోక్కున్నాడు. "హిల్కాని అడగలేదా?"

"అడిగా. పిల్లకాయల మందు అంటగట్టబోయింది."

"మళ్ళీ పోయి అడుగు."

"ఎందుకురా?"

"పొమ్మంటే పోరా మొండిఘటం! ఆఖరి పరీక్ష వచ్చే ఆదివారం. అదీ తప్పావంటే కాపు ఖాళీగా ఉంచమని సంఘాన్ని నేను అడగలేను. ఇప్పటికే ఇద్దరు ఆ చోటు అడుగుతున్నారు."

హిల్కా కొట్లోకి పోయి చొక్కా గుండీ విప్పి భుజం చూపించాను. ఆవిడ "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తైమి ఏం చేసేదో చెప్పు. ఆవిడ తూటాలు నన్నెందుకు ఇలా కొట్టలేదు?"

"చెప్పనని మాటిచ్చాను ఒస్మో. బతికున్నదైతే వెళ్ళి బతిమాలి మాట వెనక్కి తీసుకునేదాన్ని. పోయినదానికిచ్చిన మాట ఎలా తప్పను?" కాసేపు బల్ల మీద గీతలు గీసింది. "నీ దగ్గర ఆవిడ తూటాలు ఇంకా మిగిలుంటాయిగా. నన్నెందుకు, వాటినడుగు."

ఇంటికొచ్చి బల్ల మీద నా తూటా ఒకటి, తైమి తూటా ఒకటి పక్కపక్కన పెట్టాను. అదే ఇత్తడి, అదే గుండు, అదే ఎరుపు. నాది తీసి చెవి దగ్గర ఆడించాను. మౌనం. తైమిది ఆడించాను. గలగల.

ఇరవయ్యేళ్ళు విన్న చప్పుడు. తూటా అంటే ఇలాగే మోగుతుందనుకున్నాను. లోపల ఖాళీ ఉంటేనే కదా మోగేది! నిండుకుండ తొణకదని మురిసినవాడికి తొణికే కుండలో ఏముందో అప్పుడు బోధపడింది.

ఎంత తక్కువ పోసిందో తెలియాలంటే ఒక తూటా విప్పాలి. మూడే ఉన్నాయి. వాటిని వరసగా నిలబెట్టి, కాఫీ పెట్టుకుని, తాగి, ఇంకోసారి పెట్టుకున్నాను. ఏది తీద్దామన్నా చెయ్యి రాలేదు. ముగ్గురు బిడ్డల్లో ఒకర్ని ఇమ్మన్నట్టే ఉంది. చివరికి కళ్ళు మూసుకుని చేతికందింది తీసుకున్నాను. గుండు ఊడదీసే ప్లాస్టిక్ సుత్తిలో బిగించి, పెరట్లో కట్టెలు కొట్టే మొద్దు మీద కొట్టాను. మూడో దెబ్బకి గుండు ఊడింది. మందుని తైమి త్రాసు పళ్ళెంలో ఒంపాను.

అప్పుడొచ్చింది వాసన.

పులుపు లేదు, మంట లేదు. తియ్యగా, చల్లగా, ఇప్పుడే చేతులు దులుపుకుని నా కాలరు సరిచేయబోతున్నట్టు. ఎరుపు రంగు పూసి మూసిన గొట్టంలో ఇన్నాళ్ళూ చెక్కుచెదరకుండా ఉండిపోయింది. నేను డబ్బా మూత తీసి పీల్చి పీల్చి ఖర్చు చేసుకున్నదాన్ని తైమి నాకోసం దాచి ఉంచింది. పళ్ళెం మీదికి వంగాను. ఊపిరి వదిలితే రేణువులు ఎగిరిపోతాయని ఊపిరి బిగపట్టాను. తైమీ అన్నాను. తైమీ, తైమీ, ఒక్కసారి వచ్చి తిట్టి పోవే అన్నాను. ఎంతసేపన్నానో తెలియదు.

తరవాత తూచి, హిల్కాకి ఫోన్ చేసి అంకె చెప్పాను. అవతల పెద్దగా ఊపిరి వదిలింది.

"అమ్మయ్య. ఇక నేను చెప్పినట్టు కాదు, నువ్వే కనుక్కున్నట్టు. మూస్‌ని కొట్టడానికి చట్టం అడిగే బలానికి రవ్వంత పైన, అంతే పోసేది. నువ్వు కిటికీ దగ్గర కూర్చున్న యేడు నా దగ్గరికొచ్చింది. 'వాడి భుజం ఇక బాగుపడదు హిల్కా. వాడికి తెలియకుండా తుపాకినే బాగుచెయ్యాలి' అంది. నెమ్మది మందుని తక్కువ పోస్తే అది మాట వినదు, ప్రమాదం. అందుకని చురుకుది ఏరుకుంది. చలికాలమంతా మైదానంలో ఒక్కతే కాగితపు గురిబొమ్మల మీద కాల్చి చూసుకుంది. నువ్వేమో కుట్టు పనికి పోతోందనుకున్నావు."

"మందు తక్కువైతే దూరం కొట్టలేదుగా?"

"లేదు. అందుకే తౌనో దగ్గరికి పోయి నీకు బురదనేల పక్క కాపు ఇప్పించింది. అక్కడ మూస్ ముక్కు దగ్గరికి వస్తేనే కనపడుతుంది."

మూస్‌లు వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తాయని కూడా నేను డప్పు కొట్టుకునేవాణ్ణి. "అంటే తౌనోకి తెలుసా?"

"తెలియకుండానే ఆ చోటు ఇచ్చాడా?"

"సంఘంలో అందరికీ తెలుసా?"

"మరి వాకీటాకీలో అంతలేసి నవ్వులు ఎందుకనుకున్నావు?"

ఫోన్ పెట్టేశాను. ముందు తల కొట్టేసినట్టయింది. ఇరవయ్యేళ్ళు ఊరంతా కలిసి నన్ను పిల్లవాణ్ణి చేశారు. పెరట్లోకి పోయి కట్టెలన్నీ కొట్టేశాను, ఎడమచేత్తోనే. కొడుతూ కొడుతూ ఆగిపోయాను. ఇరవయ్యేళ్ళలో తాగిన మత్తులో కూడా ఒక్కడూ నోరు జారలేదు. సౌనాలో, పెళ్ళిళ్ళలో, ఆఖరికి తైమి అంత్యక్రియల్లో కూడా జారలేదు. రాసిపెడితే నాతో నీకేం పని అనేది తైమి. రాసిపెడితే నాకు తెలిసిపోతుందని భయం. తెలిస్తే నేను సిగ్గుతో రైఫిల్ మూలపడేస్తానని, మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంటానని భయం. పిచ్చిది, నా పొగరు నాకంటే తనకే బాగా తెలుసు.

పసుపు మూత డబ్బా తెచ్చుకున్నాను. పేరుకి దగ్గరి చుట్టమైనా తైమి మందు కాదది, ఆవిడ అంకె దానికి చెల్లదు. హిల్కా దుకాణం మూసి నాతో మైదానానికి వచ్చింది. గుండు వేగం కొలిచే పెట్టె పెట్టి, ఆ మందుకి పుస్తకంలో రాసిన, మెత్తగా తన్నే తక్కువ కొలతతో మొదలుపెట్టించి, బలం తైమి పెట్టుకున్నట్టే చట్టం అడిగేదానికి రవ్వంత పైకి చేరేదాకా కాల్పించింది. సరిపోయిన తూటాని చెవి దగ్గర ఆడించాను. కొంచెం బొంగురుగా ఉంది గానీ మోగింది. ఆదివారం నాలుగు గుళ్ళూ వృత్తంలో పడ్డాయి. తౌనో కాగితం మీద సంతకం చేస్తూ నన్ను ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు.

అక్టోబరులో తొలిమంచు పడ్డ పొద్దున నా కాపులో నా మొద్దు మీద కూర్చున్నాను. రైఫిల్లో నేను నింపిన తూటాలు. చొక్కా జేబులో తైమివి రెండు. అవి ఎప్పటికీ కాల్చను. తైమికి అన్నీ చెప్పాను. రొట్టె ఈసారి కూడా పొంగలేదని, హిల్కా మాట తప్పలేదని, మోసగత్తెవని. తౌనో కుక్క హల్లా చాలాసేపటి నుంచి దూరంగా మొరుగుతోంది. మొరుగు దగ్గరైంది. స్ప్రూస్‌ల మధ్య పొదలు కదిలి, ఒక కోడె మూస్ బురదనేల అంచున వచ్చి నిలబడింది. ముక్కులోంచి ఆవిరి కనిపించేంత దగ్గర.

కాల్చాను. కళ్ళు మూసుకోలేదు. అది నాలుగడుగులు వేసి మంచులో ఒరిగిపోయింది. రైఫిల్ నా భుజాన్ని ఇలా పక్కకి జరుగు అన్నట్టు నెట్టింది. ఆ నెట్టడం ఎవరిదో నాకిప్పుడు తెలుసు.

వాకీటాకీ గరగరమంది. ఎప్పుడూ వెంటనే అడిగేవాడు, ఈసారి తౌనో కాస్త ఆగాడు. నాకు తెలిసిపోయిందన్న కబురు హిల్కా చేరవేసే ఉంటుంది. అడవిలో ఒక్కడూ మాట్లాడటం లేదు.

"ఒస్మో." తౌనో గొంతు సవరించుకున్నాడు. "భుజం ఎలా ఉందిరా?"

వాకీటాకీ మీట నొక్కాను. వదిలి, మళ్ళీ నొక్కాను.

"నా భుజానికేంరా," అన్నాను, "రాయి."

ఎవరూ నవ్వలేదు. చాలాసేపటికి తౌనో గొంతు వినిపించింది. "రాయేరా. మాకు తెలుసు."

మంచులో పడ్డ ఖాళీ గొట్టం తీసుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది, అడుగున ఎరుపు కొంచెం మాడింది. దాన్ని తైమి తూటాల పక్కన జేబులో వేసుకుని మూస్ దగ్గరికి నడిచాను.